రేడియోగ్రాముకు నేసిన గుడ్డ

గద్వాల కోటవెనక వీధి నేతకారుల సహకార సంఘం తన పాత షెడ్డును పత్తివిత్తనాల గోదాముకు అద్దెకివ్వాలని తీర్మానించిన వారానికే, లోపలి తుక్కును ఎత్తుకుపోయే ట్రాలీ ఆటో వచ్చి గుమ్మం ముందు నిలబడింది. విరిగిన మగ్గం కొయ్యలు, తుప్పు పట్టిన బీరువా తలుపులు, పురుగు పట్టిన నూలు మూటలు ఒక్కొక్కటిగా ఎక్కాయి. చిట్టచివర నలుగురు మనుషులు ఆయాసపడుతూ నడుమెత్తు టేకు పెట్టెనొకదాన్ని బయటికి తెచ్చారు. మూత ఎత్తితే రికార్డు తిరిగే పళ్ళెం, ముందువైపు రేడియో స్టేషన్ల పేర్లు రాసిన గాజుపలక, ఆ పలకకు ఇరుపక్కలా స్పీకర్లు, స్పీకర్ల మీద మామిడిపండు రంగు గుడ్డ. సంఘానికి మంచి రోజులు నడిచిన కాలంలో, మగ్గాల మీద కూర్చున్నవారు వింటూ నేస్తారని కొన్న రేడియోగ్రాము అది.

జములమ్మ వచ్చి పెట్టెకూ ఆటోకూ మధ్య నిలబడింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ వీధిలోనే పుట్టి, ఆ వీధిలోనే చీరలు నేస్తూ, ఆరేళ్ళ కిందట తన పేరు మీదే సంఘంలో సభ్యురాలైంది.

"జములత్తా, జర పక్కకు జరుగు. కాలు మీద పడితే దవాఖానకు నేనే తీస్కపోవాలె," అన్నాడు సంఘం కార్యదర్శి ప్రేమ్ కుమార్.

"పడనీ. పనిచేసే సామాను అమ్మాలంటే సభ్యులందరు ఒప్పుకోవాలె. ఆ రూలు పెట్టింది మీరే గద?"

"పనిచేసే సామాను అని నువ్వే అంటున్నవ్. ఇది పాడి ముప్పై ఏండ్లాయె. దీంట్ల ఎలుకలు కాపురం పెట్టి మనవండ్లను గూడ ఎత్తుకున్నయ్."

"బాగు చేపిస్త. వచ్చే మీటింగుల అందరి ముందర పాడిపిస్త. గప్పటిదాంక ఆపు."

"పాడకపోతే?"

"నేనే ఆటో పిలిచి ఎక్కిస్త."

ఆటో డ్రైవరు నవ్వాడు. "పాటలే గావాల్నా పెద్దమ్మా? ఫోనుల లేని పాట దీంట్ల ఏమున్నది?"

మోసుకొచ్చిన నలుగురూ నవ్వారు. జములమ్మ నవ్వలేదు. ఆమెకు కావలసింది పాట కాదు. సంఘం తీర్మానాల పుస్తకంలో ఒక వాక్యం ఉంది. అది తప్పని అదే పుస్తకంలో రాయించడం ఆమెకు కావాలి.

ఆ వాక్యం వయసు ముప్పై ఎనిమిదేళ్ళు. అప్పట్లో షెడ్డు తాళంచెవి జములమ్మ తండ్రి మల్లికార్జున్ దగ్గర ఉండేది. ఒక వానాకాలంలో రేడియోగ్రాము కుడి స్పీకరు మీది గుడ్డను ఎలుకలు కొరికాయి. కంపెనీ వేసిన ఆ గుడ్డ ముతకది. కన్ను పెట్టి చూస్తే అవతలి వస్తువు కనబడేంత పలచనిది. షెడ్డులో ఉన్న నలభై మంది నేతకారులూ కొన్ననాటి నుంచీ దాన్ని చూసి ముక్కు విరుస్తూనే ఉన్నారు. ఇంత ఖరీదైన వస్తువుకు గోనెసంచి తొడిగి పంపిన కంపెనీ ఎంత సిగ్గులేనిదోనని వాళ్ళు నిజంగానే ఆశ్చర్యపడేవారు. అందుచేత ఎలుకలు చేసిన పనికి ఎవరూ బాధపడలేదు. కొత్త గుడ్డ నేసే గౌరవం మల్లికార్జున్‌కు దక్కింది.

ఆయన సన్నని నూలు తెచ్చి, పోగు పక్కన పోగు ఇరికించి, చీరకు వేసే దెబ్బకు రెండింతల దెబ్బ వేసి నేశాడు. నడుమ జరీ బుటాలు వేశాడు. గద్వాల చీరకు అతికినట్టే చుట్టూ పట్టు అంచు అతికాడు. గంజి పెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాడు. చిరిగింది కుడివైపే అయినా, రెండు వైపులూ రెండు రకాలుగా ఉంటే నేతకారుడి పరువేం కావాలని ఎడమవైపుదీ మార్చాడు. రెండు రోజులు షెడ్డు తలుపు లోపలినుంచి వేసుకుని, సన్నని చెక్క చట్రాల మీద గుడ్డను లాగి, మేకులు కొట్టి బిగించాడు. మూడో రోజు తలుపు తీస్తే వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది.

తరవాత రికార్డు పెట్టారు. కంబళి కప్పుకున్న మనిషి లోపలినుంచి మాట్లాడినట్టు వచ్చింది గొంతు.

ముగ్గురు పెద్దలు కూర్చున్నారు, విన్నారు, తేల్చారు. అసలు స్పీకర్లను మల్లికార్జున్ రాయచూరులో అమ్ముకుని బజారు సరుకు బిగించాడన్నది వాళ్ళు తేల్చిన సంగతి. మెకానిక్‌ను పిలవలేదు. పెట్టె విప్పి చూడలేదు. అమ్మినట్టు చెప్పిన మనిషి లేడు, కొన్నట్టు చెప్పిన దుకాణం లేదు. "నేను గుడ్డ తప్ప ఏం ముట్టలే," అని మల్లికార్జున్ అన్న మాటను రాసుకున్నవారు కూడా లేరు. రాసింది ఇంతే: "మల్లికార్జున్ అసలు స్పీకర్లను మార్చి సంఘానికి ద్రోహం చేసినందున అతని సభ్యత్వం రద్దు చేయడమైనది." కింద మూడు సంతకాలు.

ఆ తరవాత ఆయన ఒక సావుకారు దగ్గర కూలికి నేస్తూ పాతికేళ్ళు బతికాడు. బజారుకు పోవాలన్నా షెడ్డు ముందునుంచి పోకుండా కోటగోడ చుట్టూ తిరిగి పోయేవాడు. అప్పటికి ఇరవై ఏళ్ళ పిల్లగా తండ్రికి నూలు కండెలు చుట్టి ఇచ్చిన జములమ్మకు, ఆ తీర్పు ఏ మాటల్లో ఉందో చాలాకాలం తెలియదు. సభ్యురాలయ్యాక, పుస్తకం చూసే హక్కు తనకుందని తెలుసుకుని, అడిగి చూసింది. ఆ వాక్యం చదివింది. తండ్రి అబద్ధమాడలేదని ఆమె నమ్మకం. నమ్మకం సాక్ష్యం కాదని కూడా ఆమెకు తెలుసు.

*

జములమ్మ జూరాల ఆనకట్ట దాటించి రేడియోగ్రామును ఆత్మకూరు తీసుకుపోయింది. అక్కడ ఇస్రాయేలు అనే డెబ్బై ఏళ్ళ మెకానిక్ చర్చీలకూ పెళ్ళిళ్ళకూ మైకుసెట్లు బాగుచేస్తాడు. వాల్వులతో నడిచే పాత సెట్లను ముట్టుకునేవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే మిగిలాడు. ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు గదిలో పని, వెనక గదిలో వంట.

ఇస్రాయేలు వెనక చెక్క విప్పి టార్చిలైటు వేశాడు. ఎలుకలు పేర్చుకున్న కాగితపు ముక్కల గూడును చేత్తో ఎత్తి బయట పారేశాడు.

"అన్నా, ఇది పాడాలె," అంది జములమ్మ. "ఇంకొకటి. దీంట్ల ఉన్న స్పీకర్లు కంపెనీవా, ఎవరన్న మార్చినవా, గది గూడ చెప్పాలె."

"ఎందుకమ్మా?"

"చెప్పినంక చెప్త."

"మార్చినవే అంటే?"

"అంటే అన్నట్టే. నువ్వు చూసిందే చెప్పు. నా మొఖం చూసి చెప్పొద్దు."

ఆ మాట ఇస్రాయేలుకు నచ్చినట్టుంది. ఇంకేమీ అడగలేదు.

పని మూడు వారాలు సాగింది. ఎండిపోయిన కండెన్సర్లు మార్చాడు. వాల్వుల కాళ్ళకు పట్టిన చిలుమును గీకాడు. పళ్ళేన్ని తిప్పే రబ్బరు చక్రం రాయిలా బిగుసుకుపోతే దాని అంచును గరుకు కాగితంతో ఓపికగా రుద్దాడు. రికార్డు మీద ఆనే కొత్త ముల్లు హైదరాబాదు నుంచి పోస్టులో తెప్పించాడు. జములమ్మ మగ్గానికి సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చి, స్టూలు మీద కూర్చుని చూసేది. చట్రాల మీది గుడ్డ మాసిపోయి ఉంటే, చట్రాలు ఊడదీయించి, గుడ్డలు విప్పి ఇంటికి తీసుకుపోయింది. ఉతికి, తండ్రి పెట్టినట్టే చిక్కగా గంజి పెట్టి, మళ్ళీ చట్రాల మీదికి లాగి తెచ్చింది.

స్టేషన్ల మీద ముల్లును నడిపే సన్నని దారం తెగి ఉంది. ఇస్రాయేలు దాన్ని ముడివేయబోతే ప్రతిసారీ ముడి లావైంది. ముడి లావైతే కప్పీలో ఇరుక్కుంటుంది. జములమ్మ ఆ రెండు కొసలు అందుకుని, పడుగు పోగులు అతికినట్టు వేళ్ళ మధ్య మెలిపెట్టి, ఒక్క తిప్పుతో కలిపేసింది. ముడి ఎక్కడుందో వెతికినా కనబడలేదు.

"నలభై ఏండ్లసంది దీనికి ముడేసుడు రాలే నాకు," అన్నాడు ఇస్రాయేలు.

"మనుషులతోనే ముడేసుకునుడు రాలే, దారానికేం ఏస్తడు," అని వెనక గదిలోంచి అతని భార్య ఎస్తేరమ్మ అందుకుంది. "మూడు వారాలాయె, దాని ముందర్నే కూసున్నడు. నా దిక్కు గింత సేపు ఎన్నడన్న చూసిండా అడుగు చెల్లె."

"నువ్వు పాడుతవా?"

"పాడుతనే ఉన్న. నీకే ఇనబడదు."

నాలుగో వారం మొదట్లో ఒక ఉదయం ఇస్రాయేలు స్విచ్చు వేశాడు. వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం ఏమీ వినిపించదు. ఆ అర నిమిషమూ ఇద్దరూ పెట్టె వైపే చూశారు. పెట్టెతో పాటు దొరికిన రికార్డు ఒక్కటే. దాని మీది కాగితాన్ని బొద్దింకలు తినేయడంతో అది ఎవరిదో తెలియదు. ముల్లు ఆనగానే సన్నాయి లేచింది. ఎంత స్పష్టంగా అంటే, వాయించేవాడు ఊపిరి అందుకున్న చప్పుడు కూడా వినబడింది.

జములమ్మ ఆ గొంతును అంతకుముందు విన్నది చిన్నతనంలోనే.

"ఇటు రా," అని ఇస్రాయేలు ఆమెను పెట్టె ముందుకు పిలిచాడు. చట్రాలు లేకపోవడంతో రెండు స్పీకర్లూ బయటికి కనబడుతున్నాయి. ఒక్కో స్పీకరును నాలుగు మరలు పట్టుకుని ఉన్నాయి. ఒక్కో మర తల మీదా ఎర్రని చుక్క ఎండి మెరుస్తోంది. "కంపెనీల బిగించినంక మర కదలకుండ పోసే లక్కరంగు గిది. జర తిప్పినా పగుల్తది. ఎనిమిదిట్ల ఒక్కటి పగల్లే. ఈ స్పీకర్లను కంపెనీవాడు తప్ప మనిషి ముట్టలే. ఏడనన్న చెప్త, ఎవరి ముందరనన్న చెప్త."

జములమ్మ స్టూలు మీద కూర్చుంది. తండ్రి సంగతి అప్పుడు చెప్పింది. ఇస్రాయేలు మొత్తం విని తల గోక్కున్నాడు.

"అట్లయితే గొంతెందుకు పోయిందమ్మా?"

స్పీకర్లు అవే అయితే, ఆ రోజు నలభై మంది విన్నదేమిటి? సగం సాక్ష్యం చేతిలో పెట్టుకుని పోతే సంఘంవాళ్ళు మిగతా సగంతో కొడతారు.

"సరే, చట్రాలు బిగిద్దాం. తర్వాత సోంచాయిద్దాం," అన్నాడు ఇస్రాయేలు. రికార్డు తిరుగుతుండగానే రెండు చట్రాలనూ వాటి చోట్ల నొక్కాడు. సన్నాయి ఒక్కసారి పక్కింట్లోకి పోయినట్టయింది.

"వైరు ఊడినట్టున్నది," అని చట్రాలు తీశాడు. సన్నాయి తిరిగి వచ్చింది. వైరు కదిపి చూశాడు, బాగానే ఉంది. మళ్ళీ నొక్కాడు. పోయింది. తీశాడు. వచ్చింది. ఇస్రాయేలు వెనకకు పోయి మళ్ళీ టార్చిలైటు వేశాడు.

వెనక గదిలో బియ్యం ఏరుతున్న ఎస్తేరమ్మకు పెట్టె కనబడదు, వినబడుతుంది.

"ఏందయ్యా, దానికి నోరు మూస్తవు, తీస్తవు, మూస్తవు, తీస్తవు! పాపం, జర ఊపిరి తీసుకోనీయి!"

జములమ్మ లేచి ఒక చట్రాన్ని తన చేత్తోనే తీసుకుని కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టింది. ఎండ ఆ గుడ్డ దాటి ఇవతలికి రాలేదు. నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. గాలి తన మొహానికే తిరిగి కొట్టింది.

"గాలి పోనిదాంట్లకెళ్ళి గొంతెట్ల పోతది," అన్నాడు ఇస్రాయేలు మెల్లగా. "మీ నాయిన శానా బాగ నేసిండమ్మా. జర తక్కువ బాగ నేసి ఉంటే సరిపోతుండె."

గుడ్డ తప్ప ఏమీ ముట్టలేదని మల్లికార్జున్ చచ్చేదాకా చెప్పాడు. అది పూర్తి నిజం. గొంతు ఎందుకు పోయిందో కూడా ఆ మాటలోనే ఉంది; చెప్పినవాడికీ విన్నవారికీ తట్టలేదు. నలభై మంది నేతకారుల్లో ఒక్కడికీ మంచి గుడ్డ మీద అనుమానం రాలేదు. మొన్నమొన్న అదే గుడ్డకు చిక్కగా గంజి పెట్టిన తనకు మాత్రం వచ్చిందా అని జములమ్మ అనుకుంది.

*

కొత్త గుడ్డ కావాలి. పలచనిది, కంపెనీ వేసిన గోనెసంచి లాంటిది. నేయడం ఒక పూట పని అనుకుంది. మూడు రోజులు పట్టింది.

పడుగు పోగులను దువ్వెన పళ్ళలాంటి పన్నెలో ఒకటి విడిచి ఒకటి ఎక్కించింది. అడ్డంగా పేక పోగు వేసి, దాన్ని దగ్గరికి కొట్టే పలకను లాగితే, చెయ్యి తనంతట తానే గట్టిగా కొట్టింది. జానెడు నేసి చూసుకుంటే చీర కొంగంత బిగువుగా ఉంది. కోసేసింది. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి మనసు పెట్టి మెల్లగా కొట్టింది. పది పేకల తరవాత మనసు ఎటో పోయింది, చెయ్యి మళ్ళీ పాత దారి పట్టింది. నలభై ఏళ్ళ అలవాటును మాటతో ఆపలేక, మూడో రోజు పలకను తాడుతో వెనక కొయ్యకు కట్టేసింది. గట్టి దెబ్బ పడకముందే ఆగిపోయేలా తాడు బిగించి, అప్పుడు నేసింది.

పక్కింటి స్వరూప గుమ్మంలో నిలబడి చూసింది. "ఏంది జములత్తా, దోమతెర నేస్తున్నవా? మగ్గానికి తాడు కట్టుడేందే, పారిపోతదా?"

"పారిపోయేది మగ్గం గాదు. నా చెయ్యి."

"ఎవరన్న చూస్తే జములమ్మకు కండ్లు పోయినయంటరు."

"అననీ," అంది జములమ్మ. అయినా లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి మగ్గం గుంటలో దిగింది.

*

సర్వసభ్య సమావేశం ఆ పాత షెడ్డులోనే జరిగింది. అరవై మంది దాకా వచ్చారు. తీర్పు చెప్పిన ముగ్గురిలో ఇద్దరు పోయారు. మిగిలిన కురుమూర్తికి ఎనభై ఆరేళ్ళు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. రేడియోగ్రామును గోడకు ఆనించి పెట్టారు. పక్కన ఇస్రాయేలు నిలబడ్డాడు. జములమ్మ ఏమీ వివరించలేదు. తండ్రి నేసిన గుడ్డ ఉన్న చట్రాలనే నొక్కి పెట్టి స్విచ్చు వేసింది. అర నిమిషం ఆగి ముల్లు ఆనించింది. కంబళి కింది సన్నాయి మొదలైంది.

"పెదనాయినా, ఈ గొంతు గుర్తు పట్టినవా?"

"పట్టిన. గిదే. గప్పుడు గిట్లనే వచ్చింది," అన్నాడు కురుమూర్తి.

"స్పీకర్లు మార్చినంక వచ్చిన గొంతు గిదేనా?"

"అవ్, గిదే."

"మంచిగ ఇనే చెప్తున్నవా?"

"చెవులు మంచిగనే ఉన్నయ్ బిడ్డా. పోయినయి కండ్లే."

జములమ్మ రెండు చేతులతో రెండు చట్రాలనూ లాగేసింది. సన్నాయి షెడ్డంతా నిండింది. వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. ఆమె మళ్ళీ చట్రాలు పెట్టింది, మళ్ళీ తీసింది. తరవాత ఇస్రాయేలు లక్కరంగు సంగతి చెప్పాడు. చెప్పమన్నప్పుడల్లా అదే మాట, అదే వరసలో చెప్పాడు. ప్రేమ్ కుమార్ ఫోను లైటు వేసి ఎనిమిది మరలనూ లెక్కపెట్టి చూశాడు.

కురుమూర్తి చెయ్యి చాచి చట్రం అడిగాడు. ఒళ్ళో పెట్టుకుని, చూపు లేని కళ్ళతో కాకుండా వేళ్ళతో గుడ్డంతా తడిమాడు. జరీ బుటాల దగ్గర, పట్టు అంచు అతికిన దగ్గర ఎక్కువసేపు ఆగాడు.

"దీని మీద అనుమానమెట్ల వస్తది?" అన్నాడు చివరికి. "గిసొంటి గుడ్డ నేసినోడు తప్పు చేసిండంటే... మనిషి చేసిండనుకున్నం గని, గుడ్డ చేసిందనుకోలే."

ప్రేమ్ కుమార్ గొంతు సవరించుకుని తీర్మానాల పుస్తకం తెరిచాడు. "రాస్తున్న అత్తా, ఇను. మల్లికార్జున్ చేసిన పొరపాటును సంఘం పెద్దమనసుతో క్షమించి..."

"ఆపు. క్షమించుడేంది? క్షమించాలంటే తప్పు ఉండాలె గద."

"గుడ్డ నేసింది ఆయనే గద అత్తా?"

"నేయమన్నది మీ సంఘమే. చూసి మెచ్చుకున్నది మీ సంఘమే. రాసింది గుడ్డ గురించి గాదు, దొంగతనం గురించి. దొంగతనం జరగలే. గది రాయి. విచారణ చెయ్యకుండ ఇచ్చిన తీర్పు తప్పని రాయి. సభ్యత్వం రద్దు చెల్లదని రాయి."

"పోయిన మనిషికి సభ్యత్వమెందుకత్తా?"

"బతికున్నప్పుడు తీసేసిండ్రు గద. తీసేసిన దినం సంది ఉన్నట్టు రాయి."

ప్రేమ్ కుమార్ కురుమూర్తి వైపు చూశాడు. "సంతకం పెడతవా తాతా?"

"ముగ్గురం పెట్టినం. ఇప్పుడు నేనొక్కణ్ణే పెడితే, పోయినోళ్ళిద్దరు తప్పు చేసినట్టు నేను చెప్పినట్టయితది."

"వాళ్ళు పోయిండ్రు పెదనాయినా," అంది జములమ్మ. "మా నాయిన గూడ పోయిండు. నువ్వు ఉన్నవ్."

ముసలాయన చట్రాన్ని ఒళ్ళోంచి తీయకుండానే పెన్ను కోసం చెయ్యి చాచాడు. ప్రేమ్ కుమార్ అతని వేళ్ళను కాగితం మీద సరైన చోట ఆనించాడు. సంతకానికి చాలాసేపు పట్టింది.

రేడియోగ్రాము పనిచేసే ఆస్తి కాబట్టి తుక్కు జాబితాలోంచి తీసేశారు. సంఘం చీరలు అమ్మే గదిలో పెట్టాలని నిర్ణయించారు. అక్కడే చిక్కొచ్చింది. జములమ్మ కొత్తగా నేసిన గుడ్డ ఉన్న చట్రాలు బయటికి తీయగానే సభ్యుల మొహాలు మారాయి.

"గిది పెడతరా? చీరలు కొనేటోళ్ళు వచ్చే గదిల?" అన్నాడొకడు.

"గద్వాల నేతకారులు గిట్ల నేస్తరనుకుంటరు."

"మల్లికార్జున్ గుడ్డనే పెట్టుండ్రి. గొంతుదేమున్నది, జర పెద్దగ పెడితే సరిపాయె!"

చేతులెత్తమంటే దాదాపు అన్ని చేతులూ లేచాయి. జములమ్మ తన చట్రాలను సంచిలో పెట్టుకుంది. ప్రేమ్ కుమార్ సుత్తి అందుకున్నాడు.

"సుత్తి కింద పెట్టు," అంది ఆమె. "ముందు పుస్తకం తియ్యి. ఈ గుడ్డ పెడితే గొంతు తగ్గుతదని రాయి. తెలిసే పెట్టినమని రాయి. రేపు ఎవడన్న ఇని, జములమ్మ స్పీకర్లు మార్చిందంటడు."

ఒకరిద్దరు నవ్వారు గానీ, ఆమె కదలకపోవడంతో ఆపేశారు. ప్రేమ్ కుమార్ రాశాడు. సభ్యులు వరసగా వచ్చి సంతకాలు పెట్టారు. ఆమె రెండు తీర్మానాలకూ నకళ్ళు అడిగి, వాటి మీద సంఘం ముద్ర పడేదాకా పక్కన నిలబడి, మడిచి సంచిలో వేసుకున్నాక మేకులు కొట్టనిచ్చింది.

గొంతు పెంచే మరను కురుమూర్తి చివరిదాకా తిప్పించాడు. సన్నాయి కంబళి కింద బిగ్గరగా వాయిస్తుండగా, సభ మిగిలిన అంశాల్లోకి పోయింది.